మీ మీద ఎవరి ప్రభావం ఉందండీ?

డిసెంబరు మూడో వారం రాగానే పత్రికలవాళ్ళకి కళాకారులు గుర్తొస్తారు. కొత్త సంవత్సరం సంచికలో రాశిఫలాలు, నాయకుల జోస్యాలు, సినిమా తారల తీర్మానాలు అన్నీ సర్దాక ఇంకా కాస్త జాగా మిగిలితే అందులో ఒక కవినీ, ఒక గాయనినీ, ఒక చిత్రకారుణ్ణీ కూర్చోబెడతారు. ఈసారి ఆ మూడో కుర్చీ రాజమండ్రిలో ఉంటున్న ఒక ఆర్టిస్టు గారికి దక్కింది. పేరు చెబితే ఆయన మొహమాటపడతారు కాబట్టి ఆర్టిస్టు గారనే అనుకుందాం. వయసు అరవైకి దగ్గర పడింది. కథలకి బొమ్మలు, పుస్తకాలకి అట్టలు, పెళ్ళిళ్ళకి బహుమతి చిత్రాలు, పోయినవాళ్ళ పటాలు, ఆయన చెయ్యి పడని రకం లేదు. ఆయన బొమ్మ పడని గోడలు మాత్రం ఊళ్ళో ఇంకా చాలానే ఉన్నాయి.

ప్రశ్నలు వాట్సాప్‌లో దిగాయి. ఈ ఏడాది మీ సృజన ఎలా సాగింది? మీ మీద ఎవరి ప్రభావం ఉంది? ఈ రెంటి కిందా ఒక ఆజ్ఞ కూడా ఉంది: మంచి ఫోటో ఒకటి పంపండి, సెల్ఫీ వద్దు.

మొదటి ప్రశ్నని ఆయన వెంటనే పక్కన పెట్టేశారు. ఏడాది ఎలా సాగిందన్నది లెక్కల వ్యవహారం. లెక్కలన్నీ ఇంటావిడ దగ్గర ఉంటాయి. ఆవిడ పోస్టాఫీసులో కౌంటరు మీద పనిచేసి రిటైరయిన మనిషి, రూపాయి తేడా వస్తే నిద్రపోదు. వాన్ గోకి రంగుల గొట్టాలకీ ఇంటద్దెకీ డబ్బు పంపించడానికి తమ్ముడు థియో ఉండేవాడు. ఆర్టిస్టు గారికి ఇంటావిడ ఉంది. తేడా ఒక్కటే. వాన్ గో ఏ రంగులు కావాలో ఉత్తరాల్లో రాసి పంపితే థియో కొని పంపేవాడు. ఇక్కడ రంగుల చీటీ ఇస్తే “పాత గొట్టాలన్నీ అడుగంటా పిండారా?” అన్న ప్రశ్న ముందు వస్తుంది.

రెండో ప్రశ్న మాత్రం ఆయనకి మహా ఇష్టంగా అనిపించింది. మంచి కాగితం తీసుకుని, పెన్నులో సిరా పోసుకుని రాశారు: అజంతా, మైకెలాంజిలో, రెంబ్రాంట్, హొకుసాయ్, వాన్ గో. చదువుకుని చూస్తే కాస్త జనరల్ నాలెడ్జి పుస్తకం వాసన వచ్చింది గానీ, గౌరవంగానే ఉంది. ఇంతలో ఇంటావిడ టీ పట్టుకొచ్చి, కళ్ళజోడు సవరించుకుని కాగితం చూసింది.

“అజంతా ఎప్పుడు చూశారండీ?”

“వెళ్ళాం కదా. నువ్వూ ఉన్నావుగా.”

“వెళ్ళాం. చూళ్ళేదు. ఆవేళ సోమవారం.”

నిజమే. అజంతా గుహలకి సోమవారం సెలవు. షిర్డీ, ఎల్లోరా, అజంతా కలిపి తిప్పుతామన్న బస్సువాళ్ళకి షిర్డీ హారతి వేళలు కంఠతా వచ్చు గానీ ఈ సంగతి తెలీదు. బస్సంతా దిగి, మూసిన గేటు చూసి, టీ తాగి, అక్కడ అమ్మేవాళ్ళ దగ్గర మెరిసే రాళ్ళు కొనుక్కుని తిరిగొచ్చింది. ఆ రాయి ఇప్పటికీ టీవీ పక్కన ఉంది. అజంతా నుంచి ఆయన మీద నేరుగా పడిన ప్రభావం అంతవరకే.

అయినా జాబితాలో అజంతా పేరు కొట్టేయక్కర్లేదని ఆయన వాదం, ఆ వాదంలో పసుంది. ఆయన గుహల దాకా వెళ్ళకపోయినా గుహలే రాజమండ్రికి వచ్చాయి. 1909లో ఇక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి ఓస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాల్‌గా వచ్చాడు. ప్రిన్సిపాల్ అంటే హాజరు పట్టీలూ జరిమానాలూ చూసుకోవాలి కదా, ఈయన రంగులపెట్టె పట్టుకుని గోదావరి గట్టు మీద కూర్చునేవాడు. బొమ్మలేసే కుర్రాళ్ళు కనిపిస్తే చేరదీసేవాడు. అలా చేరదీసినవాళ్ళలో అడవి బాపిరాజు ఒకరు, దామెర్ల రామారావు ఒకరు. శిష్యుల్ని వెంటపెట్టుకుని అజంతా తీసుకెళ్ళాడు. రామారావుని 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించాడు. ఆ కుర్రాడు చదువు ముగించుకుని రాజమండ్రి వచ్చి, తోటివాళ్ళని కూడగట్టి, బొమ్మలు నేర్పడం మొదలుపెట్టాడు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి పోయాడు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. స్నేహితుడు వరదా వెంకటరత్నం పట్టుబట్టి కాపాడబట్టి ఆ బొమ్మలు చెదిరిపోకుండా రాజమండ్రిలోనే దామెర్ల పేరిట గ్యాలరీలో ఉన్నాయి.

ఆర్టిస్టు గారు హైస్కూల్లో ఉండగా ఆ గ్యాలరీకి వెళ్ళడానికి కళాపిపాస ఒక్కటే కారణం కాదు. మే నెల మధ్యాహ్నం నీడ ఉండి, టిక్కెట్టు అక్కర్లేకుండా, ఎవరూ ‘ఏం పని?’ అని అడగని చోటు ఊళ్ళో అంతకంటే మంచిది లేదు. ఎండ తగ్గేదాకా చూడ్డానికి గోడల మీద బొమ్మలే ఉన్నాయి కాబట్టి బొమ్మలే చూశారు. ‘పుష్పాలంకరణ’ ముందు నిలబడి ఆ ఆడవాళ్ళ చేతులు నోటు పుస్తకం వెనక పేజీలో దించబోతే వేళ్ళు ములక్కాడల్లా వచ్చాయి. ములక్కాడలు వేళ్ళయ్యేసరికి డిగ్రీ అయిపోయింది.

అక్కణ్ణించి మొదలైంది డిసెంబరు బెంగ. ప్రతి ఏడాది చివరా కుర్రాడు లెక్క వేసుకునేవాడు: ఈ వయసుకి దామెర్ల ఎన్ని వేశారు, నేనెన్ని వేశాను? ఇరవై రెండో ఏట ఆ లెక్క కాస్త కలవరపెట్టింది. ఇరవై అయిదో ఏట అన్నం సయించలేదు. ఇరవై ఎనిమిది దాటాక మాత్రం గొప్ప ఊరట కలిగింది, పోటీలో అవతలివాడే లేకుండా పోయాడు.

ఆ ఊరట నిలబడాలంటే ఇంకో గురువు కావాలి, వీలైతే దీర్ఘాయుష్మంతుడు. సెకండ్ హ్యాండ్ పుస్తకాల కొట్లో అట్ట ఊడిన పుస్తకంలో దొరికాడు, జపాను చిత్రకారుడు హొకుసాయ్. ఫ్యూజీ కొండ మీదికి విరుచుకుపడబోతున్నట్టున్న పెద్ద కెరటం బొమ్మ ఆయనదే. అది వేసేనాటికే డెబ్భై దాటాడు. 1834లో తన ఫ్యూజీ కొండ బొమ్మల పుస్తకం చివర ఆయనొక మాట రాసుకున్నాడు. ఆరో ఏట నుంచీ బొమ్మలు వేస్తున్నాను గానీ డెబ్భై ఏళ్ళ లోపు వేసినవాటిని లెక్కలోకి తీసుకోవద్దు, డెబ్భై మూడో ఏట పక్షులూ చెట్లూ ఎలా ఉంటాయో కాస్త అర్థమైంది, ఎనభైకి ఇంకాస్త బాగుపడతాను, తొంభైకి మర్మం తెలుస్తుంది, నూట పదికల్లా నేను పెట్టే ప్రతి చుక్కా ప్రాణంతో ఉంటుంది అని దాని సారాంశం. కింద తనకి తనే పెట్టుకున్న బిరుదు: బొమ్మల పిచ్చి పట్టిన ముసలాడు.

ఇంతకంటే గొప్ప కొత్త సంవత్సరం తీర్మానం ఇంకెవరూ చేసి ఉండరని ఆర్టిస్టు గారి నమ్మకం. గడువు నూట పదేళ్ళకి పెట్టుకుంటే ఏ డిసెంబరూ భయపెట్టదు. పాపం హొకుసాయ్ 1849లో, తొంభై దగ్గర పడ్డాక పోయాడు, ఇంకో అయిదేళ్ళిస్తే అసలైన చిత్రకారుణ్ణయ్యేవాణ్ణని బాధపడుతూ. ఆర్టిస్టు గారు ఈ కథ ఇంట్లో చెబితే ఆవిడ శ్రద్ధగానే వింది. ఆ మహానుభావుడు జీవితంలో ముప్ఫైసార్లు పేరు మార్చుకున్నాడంటే ఊరుకుంది. తొంభై మూడు ఇళ్ళు మారాడనీ, ఇల్లు ఊడ్చుకోవడం బద్ధకమై చెత్త పేరుకున్నప్పుడల్లా ఇంకో ఇంట్లోకి వెళ్ళిపోయేవాడనీ అంటారు అనగానే చీపురు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

డిసెంబరు మీద ఆయనకి ఇంకో అనుమానం కూడా ఉంది. చిత్రకారులకి ఈ నెల అచ్చిరాదని. 1888లో వాన్ గో తోటి చిత్రకారుడు గోగాఁతో గొడవపడి చెవి కోసుకున్నది డిసెంబరు 23న. మన వడ్డాది పాపయ్య గారు పోయింది 1992 డిసెంబరు 30న. అదే డిసెంబరు 30న, 1866లో, లండన్లో జరిగిన సంగతి తలుచుకుంటే మాత్రం ఆయన తన కష్టాలన్నీ మర్చిపోతారు.

రాబర్ట్ గిల్ అని మద్రాసు సైన్యంలో ఒక అధికారి. అజంతా గోడల మీది బొమ్మలు పాడైపోయేలోగా నకళ్ళు తీయమని ఈస్టిండియా కంపెనీ అతన్ని నియమించింది. 1844లో మొదలుపెట్టాడు. కరెంటు లేదు, గుహల్లో చీకటి, గబ్బిలాలు, బయట అడవి, పులులు, జ్వరాలు. దాదాపు ఇరవై ఏళ్ళు ఆ బొమ్మల ముందు కూర్చుని, పెద్ద పెద్ద కాన్వాసుల మీద నూనెరంగుల్లో దించి లండన్ పంపించాడు. వాటిని అక్కడి క్రిస్టల్ ప్యాలెస్‌లో ప్రదర్శనకి పెట్టారు. 1866 డిసెంబరు 30న ఆ భవనంలో నిప్పంటుకుంది. కొన్ని తప్ప అన్నీ బూడిదయ్యాయి. గిల్ అజంతా వదిలి పోలేదు, కెమెరా ఒకటి సంపాదించి అప్పటికే గుహలు ఫోటోలు తీస్తున్నాడు. చివరికి 1879లో అక్కడికి దగ్గర్లోని భుసావల్‌లో కన్నుమూశాడు.

ఆ తర్వాత జాన్ గ్రిఫిత్స్ దిగాడు, దామెర్ల చదివిన జె.జె. స్కూల్లోనే పాత తరం మాస్టారు. ఆయన 1872 నుంచి విద్యార్థుల్ని వెంటేసుకుని మళ్ళీ మొదటినుంచీ నకళ్ళు తీయించాడు. అవీ లండన్ వెళ్ళాయి. 1885లో అక్కడా అగ్నిప్రమాదం జరిగి వాటిలో చాలా తగలబడ్డాయి. గుహలోని అసలు బొమ్మలు వందల ఏళ్ళు గబ్బిలాల మధ్య భద్రంగా ఉన్నాయి, లండన్లో అద్దాలు బిగించి కాపలా పెట్టిన నకళ్ళు కాలిపోయాయి. తన గోడ చిత్రం మీద ఒక కల్యాణ మండపం వాళ్ళు పెళ్ళిళ్ళ సీజను ముందు తెల్లసున్నం కొట్టించినప్పుడు ఆర్టిస్టు గారు ఈ కథంతా వాళ్ళ మేనేజరుకి చెప్పారు. అతను సాంతం విని, “మేం కాల్చలేదు కదండీ,” అన్నాడు.

సరే, ఇంత చరిత్ర తవ్వాక ఇంటావిడ ఒక చిన్న ప్రశ్న వేసింది. “మరి కోమటి కొట్లో లక్ష్మీదేవి బొమ్మ కోసం కూర్చుని ఏడ్చారట కదా చిన్నప్పుడు, మీ అమ్మగారు చెప్పేవారు. అదేదీ ఇందులో?”

అక్కడ ఆయన పెన్ను ఆగింది. అది నిజమైన జాబితా. పత్రికలకి పంపేది కాదు.

వీధి చివర కిరాణా కొట్లో ఏటా డిసెంబరు చివర పప్పు పొట్లాంతో బాటు క్యాలెండరు ఇచ్చేవారు. నెలకి ఇంత సరుకు కొన్నవాళ్ళకే. ఒక ఏడాది వీళ్ళింటి పద్దు తక్కువై క్యాలెండరు రాలేదు. కుర్రాడు కొట్టు ముందే చతికిలబడ్డాడు. కొట్టాయన విసుక్కుని కిందటేడాది మిగిలిన ముక్క ఒకటి చేతికిచ్చాడు. తేదీలు పాతవైనా లక్ష్మి కొత్తదే. ఎర్రచీర, తామరపువ్వు, వెనక ఏనుగు. ఏనుగు తొండం మీది ముడతలు ఒక్కొక్కటీ దించాడు. అదే మొదటి పాఠం.

ఆ లక్ష్మి ఎక్కణ్ణించి వచ్చిందో చాలా ఏళ్ళకి తెలిసింది. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో రంగుల అచ్చు ప్రెస్సు పెట్టాడు. అప్పటిదాకా సంస్థానాధీశుల హాళ్ళలో ఉన్న ఆయన దేవతలు అక్కణ్ణించి కాగితాల మీద కట్టలుకట్టలుగా దేశమంతా దిగారు. ప్రెస్సు ఆయనకి కలిసిరాలేదు, అప్పుల్లో పడి జర్మనీ నుంచి వచ్చిన తన నిపుణుడికే అమ్మేశాడు. బొమ్మలు మాత్రం అగ్గిపెట్టెల మీదికీ, సబ్బుల మీదికీ, క్యాలెండర్ల మీదికీ ఎక్కాయి. ఈవేళ మన పూజగదుల్లో లక్ష్మీదేవి ఎలా నిలబడాలో, సరస్వతి వీణ ఎలా పట్టుకోవాలో చాలా మటుకు ఆ ప్రెస్సే తేల్చేసింది. తర్వాత శివకాశి అందుకుంది. చదువుకున్నవాళ్ళు క్యాలెండరు బొమ్మ అనే మాటని తిట్టుగా వాడతారు. ఆర్టిస్టు గారూ ఇరవై ఏళ్ళు అలాగే వాడారు, ముఖ్యంగా ప్రదర్శనల్లో, పక్కన విమర్శకులు ఎవరైనా ఉన్నప్పుడు.

అయితే ఆయన జాబితాలోని వాన్ గోనే ఆయనకి సాయమొచ్చాడు. ప్యారిస్‌లో వాన్ గో వందలకొద్దీ జపాను అచ్చు బొమ్మలు కొన్నాడు. వాటిని జపానులో ఎవరూ పటం కట్టి పూజించలేదు, అంగళ్ళలో మామూలు జనానికి అమ్మిన చవక సరుకు. వాటిలో హిరోషిగే వేసిన వాన బొమ్మనీ, పూసిన ప్లమ్ చెట్ల తోట బొమ్మనీ 1887లో కూర్చుని నూనెరంగుల్లో నకలు తీశాడు. ఆయన అక్కడి అంగడి బొమ్మ నుంచి నేర్చుకోవచ్చు గానీ, ఈయన ఇక్కడి కిరాణా కొట్టు బొమ్మ నుంచి నేర్చుకుంటే తప్పా? ఈ పాయింటు దొరికిన రోజు ఆర్టిస్టు గారు రెండోసారి టీ అడిగారు, దొరికింది కూడా.

ఇక దాపరికం ఎందుకని కాగితం వెనక్కి తిప్పారు. చందమామ వచ్చింది ముందు. చిత్ర గారి రాజకుమారులు, భుజాన శవంతో కత్తి పట్టుకుని నడిచే శంకర్ గారి విక్రమార్కుడు, వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు. వ.పా. అని సంతకం ఉండే ఆ బొమ్మల్లో ఆడవాళ్ళు నేల మీద నిలబడినట్టే ఉండి నిలబడరు. శ్రీకాకుళంలో పుట్టి, బడిలో డ్రాయింగు మాస్టరుగా పనిచేసిన మనిషి, రంగుని కాగితం మీద ఎక్కడ ఆపాడో భూతద్దం పెట్టి చూసినా తెలీదు. ఆర్టిస్టు గారు భూతద్దం పెట్టే చూశారు. చీర చెంగు అంచు దగ్గర పసుపు ఎరుపులోకి దిగే చోట గీత ఉండాలి కదా, లేదు. ఇప్పటికీ ఆయన తన చెంగుల దగ్గర ఒక గీత గీసి, దాని మీద నగ వేసి కప్పేస్తుంటారు. ఆయన బొమ్మల్లో నగలు ఎక్కువెందుకని అడిగినవాళ్ళకి ఇదే జవాబు.

బాపు సంగతి వేరే చెప్పాలా? తెలుగునాట కుంచె పట్టి బాపు బొమ్మ వేయకుండా తప్పించుకున్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆడపిల్ల అందంగా ఉందనడానికి ఒక చిత్రకారుడి పేరు వాడే భాష మనది. ఆర్టిస్టు గారి కుర్రతనంలో వారపత్రికలో కథకి బొమ్మ వేయడానికి వెళితే ఎడిటరు గారి షరతు ఇది: బాపులా ఉండాలి, కానీ బాపులా ఉందని ఎవరూ అనకూడదు. పెద్ద జడ, చారెడేసి కళ్ళు, సన్నని నడుము వేసి, జడని కుడివైపు నుంచి ఎడమవైపుకి మార్చి నెగ్గుకొచ్చారు. తర్వాతెప్పుడో తెలిసింది, మద్రాసులో లా చదువుకున్న బాపు గారు తన గురువుగా చెప్పుకున్నది తమిళ పత్రిక ఆనంద వికటన్‌లో బొమ్మలేసిన గోపులుని. ఆ గోపులుని తీర్చిదిద్దింది అదే పత్రికలోని మాలి. తెలుగింటి జడ తంజావూరు జిల్లా మీదుగా వచ్చిందని తెలిశాక ఆర్టిస్టు గారికి తన అప్పు కాస్త తేలికైనట్టనిపించింది. అప్పిచ్చినవాడికీ అప్పులున్నాయి.

వీళ్ళందరి కంటే ముందు రాయాల్సిన పేరు ఒకటుంది గానీ, ఆ మనిషి పేరు ఏ పత్రికలోనూ పడలేదు. బోర్డులు రాసే మేస్త్రి. వేసవి సెలవుల్లో ఆర్టిస్టు గారు ఆయన దగ్గర డబ్బా మోశారు. దుకాణం రేకు మీద తెల్లరంగు ఆరాక ఒక నూలుదారానికి ఎర్రమట్టి పట్టించి, చెరో కొసా పట్టుకుని బిగలాగి, మధ్యలో పైకెత్తి వదిలితే టప్పుమని గీత పడేది. పైన ఒకటి, కింద ఒకటి. ఆ రెండు గీతల మధ్య కొలబద్ద ముట్టకుండా అక్షరాలు రాయాలి. చివర గుడ్డ చుట్టిన కర్ర ఒకటి ఎడమచేత్తో ఆనించి, దాని మీద కుడి మణికట్టు ఉంచి, ఎనామిల్ రంగులో తడిసిన బ్రష్షుని ఒకే ఊపులో తిప్పాలి. మధ్యలో ఊపిరి వదిలితే సున్నా కోడిగుడ్డవుతుంది. తెలుగులో సున్నా రాయగలిగినవాడు ఏదైనా రాస్తాడని మేస్త్రి సిద్ధాంతం.

ఆయనకి గండం అక్షరాల్లో లేదు, దుకాణదారుల భక్తిలో ఉంది. శ్రీ లక్ష్మీ వేంకటేశ్వర అని మొదలెట్టేసరికి రేకు సగం అయిపోయేది. క్ష్మీ కింద ఒత్తు, శ్వ కింద ఒత్తు, కింది వరుసలోకి దిగి అక్కడి దీర్ఘాన్ని ఢీకొట్టేవి. కిరాణా అండ్ జనరల్ వరకూ ఎలాగో లాక్కొచ్చి, స్టోర్స్ దగ్గర అక్షరాలు ఊపిరాడక నిలువుగా నిలబడేవి. అలా జరక్కుండా మేస్త్రి ముందుగా కళ్ళు సగం మూసుకుని రేకు వంక చూస్తూ, గాల్లో వేలితో అంతా రాసేసి, ఆ తర్వాతే డబ్బా మూత తీసేవాడు. ఈవేళ ఆర్టిస్టు గారు ఖాళీ కాన్వాసు ముందు అరగంట ఊరికే కూర్చుంటే చూసినవాళ్ళు ధ్యానం అనుకుంటారు. గాల్లో స్టోర్స్ పడుతుందో లేదో చూసుకుంటున్నారంతే. ఫ్లెక్సీలు వచ్చాక మేస్త్రి పని మానేశాడు. ఎం.ఎఫ్. హుసేన్ కూడా కుర్రతనంలో బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి బతికినవాడేనని తెలిసిన రోజు ఆర్టిస్టు గారు సైకిలేసుకుని వెళ్ళి మేస్త్రికి చెప్పారు. ఆయన మెచ్చుకోలేదు. “చదరపడుగుకి ఎంతిచ్చేవారంట?” అని అడిగాడు.

ఇక మొదటి ప్రశ్న మిగిలిపోయింది, ఈ ఏడాది సృజన. ఇంటావిడ లెక్కల పుస్తకం తీసింది.

వేసవిలో ఒక కుటుంబం పోయిన పెద్దాయన పటం వేయమని ఆధార్ కార్డు తెచ్చారు. వేరే ఫోటో లేదట. ఆధార్ ఫోటో చూసి మనిషిని బతికించడం రవివర్మ వల్ల కూడా కాదు. కళ్ళు మా చిన్నాన్నవి పెట్టండి, ముక్కు మేనత్తది, కండువా వేయండి, ఆయనెప్పుడూ వేసుకోలేదు గానీ బాగుంటుంది అన్నారు. బొమ్మ చూసి పెద్దకొడుకు గొల్లుమన్నాడు. రెండోవాడు “ఇదేంటి, పెదనాన్నని వేశారు?” అన్నాడు. డబ్బు పెద్దకొడుకు ఇచ్చాడు కాబట్టి పోలిక కుదిరినట్టే లెక్క.

ఆ తర్వాత అపార్టుమెంటు ఆయన ఒకరు తోట వైకుంఠం గారి బొమ్మలాంటిది కావాలన్నారు, సోఫాకి మ్యాచయ్యేలా. సోఫా ఫోటో పంపించారు. ఆర్టిస్టు గారు ఓపిగ్గా చెప్పారు. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన మనిషండీ, ఊళ్ళోకి వచ్చే నాటకాలవాళ్ళలో మగవాళ్ళు ఆడవేషం కట్టుకోవడం చూసి, తల్లిని చూసి, బరోడా వెళ్ళి కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకుని, ఎన్నో ఏళ్ళకి ఆ ఎరుపూ ఆ బొట్టూ పట్టుకున్నాడు, అది ఆయనది, నేను వేస్తే నకలవుతుంది అని. “నకలైతే రేటు తగ్గుతుంది కదండీ?” అన్నారాయన. ఆ బేరం కుదరలేదు. లెక్కల పుస్తకంలో ఇంటావిడ ఆ వరుస ఎదురుగా ఖాళీ ఉంచి, పక్కన ‘ఆత్మగౌరవం’ అని రాసుకుంది.

దసరాకి వచ్చిన మేనల్లుడు ఫోను తీసి, “మావయ్యా, ఇదిగో చూడు,” అన్నాడు. బాపు పద్ధతిలో అమ్మాయి, గోదావరి గట్టు, సాయంత్రం అని టైపు చేస్తే టీ చల్లారేలోగా బొమ్మ వచ్చేసింది. ఆర్టిస్టు గారు ముందు వేళ్ళు లెక్కపెట్టారు. సరిపోయాయి. జడ మాత్రం మెడకి రెండువైపులా దిగింది, ఒకే జడ. వెనక పడవ మీద రాసిన తెలుగు ఏ భాషో తెలీలేదు. సున్నాలు మటుకు గుండ్రంగా ఉన్నాయి.

“దీన్ని నీ మీద ఎవరి ప్రభావం ఉందని అడిగితే ఏం చెబుతుందిరా?”

“అందరిదీ మావయ్యా.”

“మరి నాకేం తేడా?” అని ఆయన కాసేపు దిగులుపడ్డారు. మేనల్లుడే కాస్త ఆలోచించి, “దీనికి క్యాలెండరు ఇవ్వలేదని ఏడుపు రాదు కదా,” అన్నాడు. ఆ కుర్రాడు సాఫ్ట్‌వేర్ చదువుతున్నాడు గానీ పనికొస్తాడు.

లెక్కల పుస్తకంలో అన్నిటికంటే పెద్ద అంకె ఒక రైసు మిల్లు ఆసామి పేరు ఎదురుగా ఉంది. క్యాలెండరు కోసం లక్ష్మీదేవి కావాలన్నారాయన. పక్కన మిల్లు బస్తా కూడా ఉండాలి, దాని మీద 25 కేజీలు అన్నది చదవడానికి వీలుగా. రెండ్రోజులు ఆర్టిస్టు గారు కుదరదన్నారు. మూడో రోజు కూర్చుని వేశారు. దేవి కళ్ళు రవివర్మవి, చెంగు వ.పా. గారిది, దాని అంచున నగ తనది, జడ మాలి నుంచి గోపులుకీ గోపులు నుంచి బాపుకీ వచ్చి ఇక్కడ ఎడమవైపు వాలింది. చేతివేళ్ళు మాత్రం మే నెల మధ్యాహ్నాలవి. బస్తా మీది అక్షరాలు కర్ర ఆనించి, ఊపిరి బిగబట్టి, కొలబద్ద లేకుండా రాశారు. బస్తా బాగా కుదిరింది. పత్రికకి ఏడాది మొత్తంలో తన ముఖ్యమైన కృషి అని ఆయన ఈ బస్తానే రాశారు, ప్రభావాల కింద మేస్త్రితో మొదలుపెట్టి రెండు పేజీలు నింపారు.

సంచిక వచ్చింది. ఆయనకి కేటాయించిన జాగాలో అచ్చయిన వాక్యం: ఆయన మీద అజంతా, వాన్ గోల ప్రభావం ఉంది. ఫోటో పెద్దగా వేశారు, బాగుంది.

క్యాలెండరు కూడా శివకాశిలో అచ్చయి వచ్చేసింది. గోదావరి జిల్లాల్లో కిరాణా కొట్లన్నిటికీ మిల్లువాళ్ళు పంచుతున్నారు. అది రోజుకో కాగితం చింపే రకం. తేదీల బొత్తి కుట్టడానికి జాగా చూసుకుని, సరిగ్గా ఆర్టిస్టు గారి సంతకం మీద కుట్టారు. మీ ఇంటికి ఆ బస్తా పక్కన కూర్చున్న లక్ష్మి వస్తే, వచ్చే డిసెంబరు 31 కాగితం కూడా చింపేశాక కింద ఎడమవైపు మూల చూడండి. సంతకం అక్కడ ఉంది, సున్నాతో సహా.